ఇంటి కింద నుంచి వచ్చే రేడియేషన్

పోయిన చలికాలంలో ఒక రాత్రి పెన్సిల్వేనియా నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇల్లు నచ్చింది, బేరం కుదిరింది, లోను కూడా ఖాయమైంది. ఇన్‌స్పెక్షన్ దగ్గరే చిక్కొచ్చింది. బేస్‌మెంట్‌లో రెండు రోజులు ఉంచిన పరికరం, నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు 6.2 ఉందని చూపించింది. 4 వచ్చినా, అంతకు మించినా సరిచేయించుకోమని అక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది. "అన్నయ్యా, రేడియేషన్ ఉన్న ఇంట్లో చిన్నపిల్లలతో ఎలా ఉంటాం? వదిలేద్దామా?" అని వాడి టెన్షన్. వాళ్ల దగ్గరికి వెళ్లి ఉన్న పిన్ని వెనకనుంచి అంటోంది: "ఆ ఇల్లు వద్దని నువ్వైనా చెప్పు నాన్నా."

వాడికి ఆ రాత్రి చెప్పగలిగింది కొంత. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది చాలా. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. సహజ రేడియేషన్ అనగానే కొందరు హడలిపోతారు. ఇంకొందరు "ప్రకృతిలో ఉన్నదే కదా, ఏం కాదు" అని తేల్చేస్తారు. మన ఒంట్లోని కణానికి మాత్రం ఆ రేడియేషన్ కొండలోంచి వచ్చిందా, ఆస్పత్రి యంత్రంలోంచి వచ్చిందా అన్నది తెలియదు. ఎంత అందింది, ఎన్నాళ్లు అందింది, ఒంటి బయట నుంచి తగిలిందా, లోపలికి వెళ్లి కూర్చుందా అన్నదాన్ని బట్టే దాని ప్రభావం ఉంటుంది. మూడో ప్రశ్నను మనం దాదాపుగా అడగం. అసలు సంగతి ఎక్కువగా అక్కడే ఉంది.

భూమి పుట్టినప్పుడే కొన్ని నిలకడ లేని మూలకాలు దాని మట్టిలో కలిసి ఉన్నాయి. యురేనియం-238 సగం తరిగిపోవడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. అది దాదాపు భూమి వయసంత. థోరియం-232కైతే 1,400 కోట్ల ఏళ్లు. అందుకే అవి ఇంకా మన కాళ్ల కింద ఉన్నాయి, ఒక్కో పరమాణువూ విచ్ఛిన్నమవుతూ రేడియేషన్‌ను వదులుతున్నాయి. ఇంకో వాటా ఆకాశం నుంచి వస్తుంది. 1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త బెలూన్‌లో 5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి కొలిస్తే, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరిగింది. అంతా నేలలోంచే వస్తుంటే పైకి వెళ్లినప్పుడు తగ్గాలి కదా. ఆ కాస్మిక్ కిరణాలను కనిపెట్టినందుకు ఆయనకు 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాద్ నుంచి అమెరికాకు విమానంలో వెళ్లేవాళ్లకు ఆ కిరణాలు నేలమీద కంటే చాలా ఎక్కువగా తగులుతాయి. అయినా ఒకవైపు ప్రయాణంలో అందేది మిల్లీసీవర్ట్‌లో పదో వంతు లోపే.

మూడో వాటా మన ఒంట్లోనే ఉంది. తిండిలోని పొటాషియంలో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం ఉంటుంది. 70 కిలోల మనిషి శరీరంలో అలాంటివి సెకనుకు నాలుగు వేలకు పైగా విచ్ఛిన్నమవుతుంటాయి. అరటిపండులో రేడియేషన్ ఉందంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజీ దీని గురించే. పండు తిన్నంత మాత్రాన ఒంట్లో పొటాషియం పేరుకుపోదు, మిగులును మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. నిశ్చింతగా తినొచ్చు.

కొలతల పేర్ల దగ్గరే చాలామంది చదవడం ఆపేస్తారు. మిరపకాయలతో పోల్చి చూస్తే తేలిగ్గా ఉంటుంది. గిన్నెలో ఎన్ని మిరపకాయలు ఉన్నాయన్నది బెక్వెరెల్ (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్). వాటిలో మన నోట్లోకి ఎంత వెళ్లిందన్నది గ్రే. తిన్నాక ఎంత మండిందన్నది సీవర్ట్. బజ్జీ మిరపకాయ, గుంటూరు మిరపకాయ ఒకే తూకంలో తిన్నా ఒకేలా మండవు. రేడియేషన్‌లోనూ అలాగే రకాలున్నాయి. ఎక్స్‌రేల్లా ఒంట్లోంచి దూసుకుపోయే గామా కిరణాలు బజ్జీ మిర్చి అనుకుంటే, బరువైన ఆల్ఫా కణాలు గుంటూరు మిర్చి. ఒకే మోతాదు గ్రేలు అందినా ఆల్ఫా కణాల హానిని 20 రెట్లు ఎక్కువగా లెక్కేస్తారు. సీవర్ట్ చాలా పెద్ద కొలత కాబట్టి మామూలుగా అందులో వెయ్యో వంతైన మిల్లీసీవర్ట్‌లో మాట్లాడుకుంటాం.

ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ 2008 నివేదిక లెక్క ప్రకారం ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌ల సహజ రేడియేషన్ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో అందేది సుమారు 0.1 లేదా అంతకంటే తక్కువ. ఛాతీ సీటీ స్కాన్‌లో 7 వరకు ఉంటుంది, అంటే దాదాపు మూడేళ్ల సహజ మోతాదు నిమిషాల్లో అందినట్టు. డాక్టర్ అవసరమని చెబితే స్కాన్ తీయించుకోవాల్సిందే. ఏ జబ్బూ లేకపోయినా ప్యాకేజీలో ఉంది కదా అని తీయించుకునే ముందు మాత్రం ఒక మాట అడగాలి.

2.4 అనే సగటు అంకె ఒక విషయాన్ని దాచేస్తుంది. అందులో సగానికి పైగా ఒక్క రేడాన్ వాటా. నేల, గోడల నుంచి బయటినుంచే తగిలే గామా సుమారు 0.5, కాస్మిక్ కిరణాలు సుమారు 0.4, తిండీ నీళ్లూ కలిపి సుమారు 0.3. మిగిలిందంతా ఊపిరితో లోపలికి వెళ్లేదే.

యురేనియం మెల్లగా విచ్ఛిన్నమవుతూ రేడియం అవుతుంది, రేడియం రేడాన్ అవుతుంది. ఆ వరసలో మిగతావన్నీ ఘనపదార్థాలు, పుట్టిన రాతిలోనే ఉండిపోతాయి. రేడాన్ ఒక్కటే వాయువు. రంగు లేదు, వాసన లేదు. రాళ్ల సందుల్లోంచి, మట్టిలోంచి పైకి వస్తుంది. ఆరుబయట వస్తే గాలిలో కలిసి పలచబడిపోతుంది. ఇంటి కింద వస్తే, నేల పగుళ్లలోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి చేరి గదిలో పోగవుతుంది. చలిదేశాల్లో ఇది మరీ ఎక్కువ. తలుపులు కిటికీలు బిగించి హీటర్ వేస్తే వేడి గాలి పైకి పోతుంది, ఆ ఖాళీలోకి ఇల్లు కింద మట్టిలోని గాలిని లాక్కుంటుంది. మావాడి ఇంటికి చలికాలంలో 6.2 రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రేడాన్ సగం తరగడానికి 3.8 రోజులు చాలు. దాన్నుంచి పుట్టే పొలోనియం దుమ్ము రేణువులకు అంటుకుని ఊపిరితిత్తుల గాలిగొట్టాల గోడల మీద వాలి, అక్కడే ఆల్ఫా కణాలను వదులుతుంది. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపేస్తుంది. మన చర్మం మీది మృతకణాల పొర కూడా ఆపేస్తుంది. ఒంటి మీద పడితే దాదాపు ఏమీ చేయలేని ఆల్ఫా ఊపిరితిత్తుల్లో ఎందుకు ప్రమాదమంటే, అక్కడ అలాంటి పొర లేదు. బతికున్న కణాలకు ఆనుకునే అది పేలుతుంది. మిల్లీమీటరులో పదో వంతు కూడా ప్రయాణించదు. ఉన్న శక్తినంతా ఆ కాస్త దూరంలోనే కక్కేసి, డీఎన్ఏ రెండు పోగుల్నీ ఒకేచోట తెంపుతుంది. ఒక పోగు తెగితే రెండోదాన్ని చూసి కణం అతికించుకుంటుంది. రెండూ తెగితే ఒక్కోసారి తప్పుగా అతుకుతుంది. ఆ తప్పుల్లో ఏదో ఒకటి చాలా ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారవచ్చు.

జర్మనీలోని ష్నీబర్గ్ గనుల్లో కార్మికులు వందల ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోతుండేవారు. అది క్యాన్సర్ అని 1879లో ఇద్దరు వైద్యులు తేల్చారు. దానికి కారణమైన రేడాన్ మామూలు ఇళ్లలోకీ వస్తుందని లోకానికి గట్టిగా తెలిసింది మాత్రం 1984లో, అదీ పెన్సిల్వేనియాలోనే. లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు ద్వారం దాటగానే రేడియేషన్ అలారం మోగేది. ఆ కేంద్రం అప్పటికింకా పనే మొదలుపెట్టలేదు. వెతికితే తేలిందేమిటంటే, ఆయన రేడియేషన్‌ను ఇంటి నుంచి మోసుకొస్తున్నాడు. ఇంట్లో కొలిస్తే రేడాన్ లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీలు (అమెరికాలో రేడాన్‌ను కొలిచేది ఇందులోనే), 4 అనే హద్దుకు 600 రెట్లకు పైన. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. ఇంటిని బాగుచేశాక తిరిగొచ్చి అందులోనే ఉన్నారు. మావాడికి చెప్పిన మొదటి మాట ఇదే.

రెండో మాట అంకెలది. అమెరికాలో లీటరుకు పికోక్యూరీల్లో కొలుస్తారు, మిగతా చోట్ల ఘనపు మీటరుకు బెక్వెరెళ్లలో. లీటరుకు ఒక పికోక్యూరీ అంటే ఘనపు మీటరుకు 37 బెక్వెరెళ్లు, కాబట్టి మావాడి 6.2 సుమారు 230. ప్రపంచంలో ఇళ్ల సగటు సుమారు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 లోపు ఉంచమంటుంది, వీలుకాని చోట 300 దాటొద్దంటుంది. ఐరోపాలోని 13 అధ్యయనాలను కలిపి 2005లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం ప్రతి 100 బెక్వెరెళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుంది. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఏ అంకె మీద 16 శాతమో చూడాలి. ఎప్పుడూ పొగతాగనివాళ్లు వెయ్యి మందిని తీసుకుంటే, రేడాన్ అసలు లేకపోయినా 75 ఏళ్ల లోపు నలుగురికి ఆ క్యాన్సర్ వస్తుంది. 100 బెక్వెరెళ్ల ఇంట్లో జీవితాంతం ఉంటే ఐదుగురికి, 400 ఉంటే ఏడుగురికి. అదే పొగతాగేవాళ్లయితే 100 మంది, 120 మంది, 160 మంది. పొగా రేడానూ ఒకదానితో ఒకటి హెచ్చవేసుకుంటాయి. ఆ ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే రేడాన్‌ను బయటికి లాగే ఫ్యాన్ పెట్టించేకంటే ముందు ఆ సిగరెట్ ఆపాలి. మా బాబాయి సంగతి గుర్తుపెట్టుకునే ఈ మాట కాస్త గట్టిగా చెప్పాను.

ఇక బయటి నుంచి తగిలే గామా సంగతి. దాని గురించి తెలుసుకోవడానికి కేరళకు మించిన చోటు దొరకడం కష్టం. కొల్లం జిల్లాలో నీండకర, చవర, కరునాగప్పళ్లి తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. కొండరాళ్లు అరిగి నదుల్లో కొట్టుకొస్తే, అలలు చేటలో చెరిగినట్టు తేలిక ఇసుకను లాక్కెళ్లి బరువైన ఖనిజాలను ఒడ్డున మిగిల్చాయి. వాటిలో మోనజైట్ ఒకటి, అందులో థోరియం ఉంటుంది. 1909లో షోంబెర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తిరువాన్కూరు కొబ్బరి పీచుకు అంటుకుని వచ్చిన ఇసుకలో దీన్ని గుర్తించాడు. అప్పట్లో థోరియానికి గిరాకీ ఎందుకంటే, గ్యాస్ దీపాల మ్యాంటిల్ దానితోనే తయారయ్యేది. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపులకూ వీధి నాటకాలకూ వెలిగించిన పెట్రోమాక్స్ లైటు గుర్తుందా? గాజు బుడ్డీలో వేలాడే ఆ తెల్లటి గుడ్డ సంచీ, ఒకసారి కాలాక ముట్టుకుంటే పొడిగా రాలిపోయేది, అదే మ్యాంటిల్. థోరియం ఆక్సైడ్‌కు కాస్త సీరియం ఆక్సైడ్ కలపడం వల్లే దానికి అంత తెల్లటి వెలుగు.

చవర తీరంలో ఆ ఇసుక మీదే ఇళ్లు, బళ్లు, కొబ్బరి తోటలు. నేల నుంచి వచ్చే గామా ప్రపంచ సగటు ఏడాదికి అర మిల్లీగ్రే అయితే, ఇక్కడ చాలా చోట్ల 4 దాటుతుంది, కొన్ని చోట్ల 70 వరకు ఉంది. తరతరాలుగా జనం ఉంటున్న చోటు కాబట్టి తిరువనంతపురంలోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం 1990లో ఇక్కడ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టింది. పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి లోపలా బయటా రేడియేషన్ కొలిచారు. ఎవరు బీడీ తాగుతారు, ఎవరు పొగాకు నములుతారు, ఏం పని చేస్తారు అని అడిగి రాసుకున్నారు. ఇంత ఓపికైన పని జరిగింది కాబట్టే దీని మీద నాకంత గురి. 30 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 69,958 మందిని సగటున పదిన్నరేళ్లు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. 2005 చివరికి వాళ్లలో 1,379 క్యాన్సర్ కేసులు బయటపడ్డాయి. ఎక్కువ రేడియేషన్ అందినవాళ్లలో క్యాన్సర్ ఎక్కువగా కనబడలేదు.

ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని "చూశారా, రేడియేషన్ ఏమీ చేయదు" అనేవాళ్లున్నారు. ఇంకో అడుగు ముందుకేసి "కాస్త రేడియేషన్ ఒంటికి మంచిది" అనేవాళ్లూ ఉన్నారు. పరిశోధకులు అలా అనలేదు. తక్కువ మోతాదుల దగ్గర ప్రమాదం ఇప్పుడు అనుకుంటున్న దానికంటే బాగా ఎక్కువ ఉండే అవకాశం లేదు అని మాత్రమే అన్నారు. చిన్న తేడాను పట్టుకునే శక్తి తమ అధ్యయనానికి చాలకపోవచ్చని వాళ్లే రాశారు.

ఎందుకు చాలదో చూద్దాం. మన దేశంలో తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో క్యాన్సర్ వస్తుందని అంచనా. అంటే వెయ్యి మందిలో సుమారు 110. ఇప్పుడా వెయ్యి మందికీ తలా 100 మిల్లీసీవర్ట్‌లు అదనంగా అందితే, అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ వాడే లెక్క ప్రకారం దాదాపు ఐదుగురు అదనంగా క్యాన్సర్‌తో చనిపోవచ్చు. బీడీ, వక్కాకు, తిండి, వయసు, వీటివల్ల ఊరికీ ఊరికీ వచ్చే తేడాయే అంతకు మించి ఉంటుంది. ఆ గోలలో ఐదుగుర్ని విడిగా వినాలంటే లక్షల మందిని దశాబ్దాలపాటు గమనించాలి.

ఆ లెక్క ఎక్కడిదంటే, ముఖ్యంగా హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్ల నుంచి. పెద్ద మోతాదుల దగ్గర తేలిన ముప్పును స్కేలు పెట్టి గీసినట్టు సున్నా దాకా తిన్నగా కిందికి గీస్తారు. మోతాదు సగమైతే ముప్పూ సగం, ఎంత తక్కువైనా సున్నా మాత్రం కాదు. కింది చివర్లో ఆ గీత నిజంగా తిన్నగానే ఉంటుందా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఒక్కసారిగా తగిలిన బాంబు రేడియేషన్, ఏళ్ల తరబడి చుక్కచుక్కగా తగిలే రేడియేషన్ ఒకటేనా అన్నదీ వాదనే. నెమ్మదిగా తగిలితే కణానికి బాగుచేసుకునే వ్యవధి దొరుకుతుంది.

కేరళలో పుట్టిన లక్షా నలభై వేలకు పైగా శిశువులను పరీక్షిస్తే, పుట్టుకతో వచ్చే లోపాల్లో రేడియేషన్ వల్ల అని చెప్పదగ్గ తేడా కనిపించలేదు. అదే తీరంలో తల్లీబిడ్డల మైటోకాండ్రియా డీఎన్ఏను పోల్చిన 2002 నాటి అధ్యయనంలో మాత్రం ఉత్పరివర్తనాలు (డీఎన్ఏలో వచ్చే మార్పులు) ఎక్కువగా కనిపించాయి. ఒంట్లో మార్పు ఉంది, జబ్బు లెక్కల్లో మాత్రం అది కనబడలేదు. ఇరాన్‌లోని రామ్‌సర్‌లో వేడినీటి బుగ్గల రేడియం వల్ల కొన్ని ఇళ్లలో మోతాదు చవరను మించిపోతుంది, అక్కడ ఉండేవాళ్లు తక్కువమంది కాబట్టి గట్టిగా ఏమీ తేల్చలేరు. పిల్లల్లో లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు, సహజ గామాకు చిన్న సంబంధం ఉందని బ్రిటన్, స్విట్జర్లాండ్ అధ్యయనాలు చెబితే, ఫ్రాన్స్‌లో చేసిన పెద్ద అధ్యయనంలో అది కనబడలేదు.

మన సంగతేమిటి? భీమిలి తీరపు ఇసుకలోనూ మోనజైట్ ఉంది. హైదరాబాద్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద నిలబడింది. గోల్కొండ కోట రాళ్లూ, ఖాజాగూడ గుట్టలూ అవే. గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం మిగతా చాలా రాళ్లలో కంటే ఎక్కువ. వంటింటి గ్రానైట్ గట్టు తీయించేయాలా అని ఒకావిడ నన్ను అడిగారు. అక్కర్లేదు. రెండంగుళాలైనా లేని పలక నుంచి వచ్చే రేడాన్, ఇంటి కింద ఉన్న నేలంతటి నుంచి వచ్చేదానితో పోలిస్తే లెక్కలోకే రాదు. మన ఇళ్లకు బేస్‌మెంట్లు తక్కువ, కిటికీలు తెరిచే అలవాటు ఎక్కువ. అదే మనకు రక్ష. ఏసీ పెట్టుకుని పగలూ రాత్రీ మూసి ఉంచే కింది అంతస్తు గదులు ఇప్పుడు పెరుగుతున్నాయి. రోజూ కాసేపు వాటి కిటికీలు తెరవడం మంచిది.

గ్రానైట్ విషయంలో నేను ఎక్కువగా పట్టించుకునేది బోరు నీళ్లను. నల్గొండకు ఫ్లోరైడ్‌ను ఇచ్చిన ఆ గ్రానైటే కొన్నిచోట్ల యురేనియాన్నీ నీళ్లలోకి వదులుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2020లో ప్రచురించిన సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు దాటిన నమూనాలు ఉన్నాయి. ఇక్కడ భయం ప్రధానంగా రేడియేషన్ గురించి కూడా కాదు. యురేనియం సీసంలాంటి బరువైన లోహం, దాని విషం మూత్రపిండాల మీద పనిచేస్తుంది. లోతైన బోరు నీళ్లే తాగే ఊళ్లలో ఈ పరీక్ష కూడా చేయించాలి. ఆర్వో ఫిల్టర్ యురేనియాన్ని చాలావరకు ఆపుతుంది.

2019లో నల్లమల యురేనియం తవ్వకాల గొడవప్పుడు "అది భూమిలో ఎప్పటినుంచో ఉన్నదే కదా" అనే వాదన విన్నాను. రాతిలో బిగుసుకుని ఉన్న యురేనియం వేరు, తవ్వి పిండిచేసి చెరువులా నిలవ చేసిన వ్యర్థం వేరు. యురేనియం తీసేశాక కూడా రేడియం ఆ వ్యర్థంలోనే ఉంటుంది, దాన్నుంచి రేడాన్ పుడుతూనే ఉంటుంది. సహజం అన్న మాట అక్కడ చెల్లదు.

మావాడు ఇల్లు వదులుకోలేదు. అమ్మేవాళ్ల ఖర్చుతోనే బాగుచేయించాడు. బేస్‌మెంట్ కాంక్రీటుకు ఒక రంధ్రం కొట్టి, అందులోంచి తెల్ల పైపు ఒకటి గోడవెంట ఇంటి కప్పు పైదాకా తీసుకెళ్లారు. మధ్యలో చిన్న ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూ నేల కింది గాలిని ఇంట్లోకి రాకముందే లాగి బయటికి వదిలేస్తుంది. పైపుకు గాజు గొట్టం ఒకటి వంకీ తిప్పి అంటించారు, అందులో ఎర్రటి ద్రవం. రెండు వైపులా ద్రవం ఒకే ఎత్తులో ఉంటే ఫ్యాన్ ఆగిపోయినట్టు, ఎగుడుదిగుడుగా ఉంటే పనిచేస్తున్నట్టు. మళ్లీ పెట్టిన టెస్టులో 1.1 వచ్చింది. పిన్ని ఇప్పుడు ఇండియా నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా ముందు మనవల్ని చూస్తుంది, తర్వాత ఫోను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లమని ఆ ఎర్ర ద్రవాన్ని చూస్తుంది.